కీ తిప్పితే టకటక శబ్దమే... బండి నేనే స్టార్ట్ చేసుకోవచ్చా?

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు, కుదించి చెబుతున్నాను.

ఆమె భర్త ఉద్యోగం వేరే ఊళ్లో. ఇంట్లో ఆమె, అత్తగారు, స్కూలుకెళ్లే బాబు. కారు ఆమే నడుపుతారు, అదీ అవసరమైనప్పుడే. మిగతా రోజుల్లో వారానికోసారి ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపేసేవారు. ఈమధ్య బాబు పరీక్షల హడావుడిలో ఐదు వారాలు బండి జోలికే వెళ్లలేదు. మొన్న అత్తగారిని డాక్టరుకు చూపించడానికి బయల్దేరితే రిమోట్ పని చేయలేదు. రిమోట్‌లో దాగి ఉండే తాళంచెవి బయటికి లాగి తలుపు తీశారు. కీ తిప్పితే డాష్‌బోర్డు లైట్లు మసకబారి, బానెట్ కింద టకటకటక అని శబ్దం. అంతే.

పక్కింటాయన జంప్ స్టార్ట్ చేయడానికి, అంటే తన బండి బ్యాటరీ సాయంతో ఈమె కారును స్టార్ట్ చేయడానికి వచ్చారు. తన కొత్త కారు దగ్గరకు తెచ్చి, రెండు కేబుళ్లూ ముందు తన బ్యాటరీకి తగిలించి, మిగతా కొసలు చేత్తో పట్టుకుని ఈమె కారు వైపు వస్తుంటే ఫట్‌మని పెద్ద మెరుపు వచ్చింది. 'మీ బ్యాటరీలో ఏదో షార్ట్ ఉందమ్మా, ముట్టుకోకండి. నా బండిలో కంప్యూటర్ పోతే కష్టం' అని ఆయన వెనక్కి తగ్గారు. ఆయన కారుకు మాత్రం ఏమీ కాలేదు. అప్పటి నుంచి అత్తగారు షాక్ కొడుతుందని బానెట్ ఎత్తనివ్వడం లేదు. మరిదేమో ఫోన్‌లో, 'ఎలాగోలా స్టార్ట్ చేయండి వదినా, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ క్లిప్పు పీకి చూడండి, ఆగిపోతే ఆల్టర్నేటర్ పోయినట్టు' అన్నారట. (ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే భాగమే ఆల్టర్నేటర్.) భర్త, 'రెండు నెలల్లో వస్తున్నాగా, అప్పటిదాకా అలాగే ఉండనీ' అన్నారట. బ్యాటరీ వయసు నాలుగేళ్లు. లేబుల్ మీద 12 వోల్టులు, 45 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే కొలత) అని ఉంది. కారు నిలిపే చోట గోడకు ప్లగ్ పాయింట్ ఉంది. 'తలా ఒక మాట చెబుతున్నారు. నీకెందుకు ఇవన్నీ అన్నట్టు మాట్లాడుతుంటే ఏడుపొస్తోంది. నేనే చేసుకోవచ్చా? జంప్ స్టార్టా, ఛార్జింగా, కొత్త బ్యాటరీయా?' అని అడుగుతున్నారు.

చేసుకోవచ్చండీ. నాలుగు క్లిప్పులు సరైన వరుసలో పెట్టడానికి కండబలం అక్కర్లేదు, మగవాళ్లే అయి ఉండాల్సిన పని అంతకన్నా లేదు. కావలసిందల్లా తొందరపడకపోవడం. డాక్టరు దగ్గరికి మాత్రం ఈసారికి వేరే బండిలో వెళ్లిరండి. గడియారం చూసుకుంటూ చేసే పని కాదిది.

ముందు ఆ మెరుపు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఇంట్లో భయమంతా అక్కడే మొదలైంది. మీరు రాసినదాన్ని బట్టి, మెరుపు వచ్చిన క్షణానికి మీ బ్యాటరీకి కేబుల్ ఇంకా తగలనే లేదు. అలాంటప్పుడు తప్పు మీ బ్యాటరీది ఎలా అవుతుంది? రెండు కేబుళ్లూ ఆయన బ్యాటరీకి పెట్టేశాక ఆయన చేతిలో ఉన్నవి ఉత్త కొసలు కావు, నిండు బ్యాటరీ తాలూకు ప్లస్సూ మైనస్సూ. నడుస్తుంటే ఎర్ర క్లిప్పు నల్ల క్లిప్పుకు రాసుకుంది. ఇంజిన్‌ను తిప్పడానికి వంద, రెండు వందల ఆంపియర్లు అవలీలగా ఇచ్చే బ్యాటరీకి మధ్యలో అడ్డేమీ లేకపోతే అంతకు మించే కరెంటు పారుతుంది. ఆ క్లిప్పుల పళ్లు ఒకసారి చూడండి, ఎక్కడో ఒకచోట నల్లగా కమిలి, లోహం కరిగిన చుక్క కనిపించే అవకాశం ఉంది. కేబుల్ తొడుగు కూడా మెత్తబడి ఉంటే ఆ కేబుళ్లు మళ్లీ వాడొద్దు. పాపం ఆయన మంచికే వచ్చారు, ఆయన్ని ఏమీ అనక్కర్లేదు. కానీ ఆ మాట పట్టుకుని మీ బ్యాటరీని చెత్తలో వేయక్కర్లేదు.

అత్తగారి భయం విషయానికొస్తే, 12 వోల్టులు పొడి చేతికి షాక్ కొట్టవు. ప్రమాదం లేదని కాదు, ప్రమాదం ఇంకోచోట ఉంది. ఛార్జ్ అవుతున్నప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీలోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. బ్యాటరీ పగిలితే లోపలున్న సల్ఫ్యూరిక్ యాసిడ్ మొహం మీద పడుతుంది. జంప్ స్టార్ట్‌లో జాగ్రత్తలన్నీ ఈ ఒక్క కారణం చుట్టూ తిరుగుతాయి: రవ్వ రాకుండా ఎలాగూ ఆపలేం, కాబట్టి అది బ్యాటరీకి దూరంగా వచ్చేలా చూసుకోవాలి. రెండోది, లోహం. గాజులు, ఉంగరాలు, వాచీ తీసి లోపల పెట్టి రండి. పానా ఒక కొస ప్లస్ మీద, ఇంకో కొస కారు బాడీకి తగిలితే అది క్షణాల్లో ఎర్రగా కాలుతుంది. మధ్యలో ఉంగరం ఉంటే కాలేది వేలు. కళ్లకు అద్దాలు, చేతులకు రబ్బరు గ్లౌజులు ఉంటే మంచిది. పొరపాటున యాసిడ్ కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇవన్నీ మీదిలాంటి మామూలు పెట్రోల్, డీజిల్ కార్ల మాట. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు లావు వైర్లు కనిపిస్తాయి, వాటి జోలికి ఎవరూ వెళ్లకూడదు.

అసలు బ్యాటరీ ఎందుకు డౌన్ అయింది? దీనికి నా అనుమానం చాలా మామూలుది. తాళం వేసి నిలిపినా కారు పూర్తిగా నిద్రపోదు. రిమోట్ కోసం వినే రిసీవరు, అలారం, గడియారం అన్నీ కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్ల దాకా మామూలే అనుకుంటారు. లెక్క వేయండి: రోజుకు 1.2 ఏహెచ్. ఐదు వారాలంటే 35 రోజులు, అంటే 42 ఏహెచ్. మీ బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 45, అదీ కొత్తలో. మీ కారు ఇందులో సగమే తాగుతుందనుకున్నా, నాలుగేళ్ల బ్యాటరీకి అది ఎక్కువే. దొంగ లీకేజీ ఏదీ లేకుండానే ఇది జరగొచ్చు. వారానికోసారి మీరు చేసిన ఐదు నిమిషాల సేవ కూడా దీనికి చాలదు. స్టార్ట్ చేయడానికి పోయిన కరెంటు ఐదు నిమిషాల్లో వెనక్కి రావచ్చుగానీ, వారం రోజులు కారిపోయింది రాదు. నెలల తరబడి జీతానికి మించి ఖర్చు పెట్టినట్టు, ప్రతి వారం కాస్త అప్పు మిగిలిపోతూ వచ్చింది.

ఆ టకటక శబ్దం కూడా ఇదే చెబుతోంది. సెల్ఫ్ మోటారును కలిపే స్విచ్ లాంటి భాగం బిగుసుకోవడానికి చాలినంత కరెంటు ఉంది, మోటారు తిప్పడానికి లేదు. బిగుసుకోగానే వోల్టేజి పడిపోయి వదిలేస్తుంది, మళ్లీ బిగుసుకుంటుంది. లైట్లు బాగా వెలుగుతూ ఒకే ఒక్క 'టక్' వినిపించి ఉంటే నేను సెల్ఫ్ మోటారునో, కనెక్షన్‌నో అనుమానించేవాణ్ని. ఎందుకైనా మంచిది, టెర్మినల్ మీద తెల్లగా, నీలంగా పొడి పట్టి ఉందేమో, క్లిప్పు చేత్తో తిప్పితే కదులుతోందేమో చూడండి. అప్పుడప్పుడు అసలు రోగం అదే అయి ఉంటుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మీ వారు చెప్పినట్టు రెండు నెలలు ఆగడం అన్నింటికన్నా ప్రశాంతంగా కనిపిస్తుంది, కానీ బ్యాటరీని నిజంగా చంపేది అదే. ఖాళీ అయిన బ్యాటరీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జ్ చేస్తే కరిగిపోయే ఆ పొర వారాలు గడిచేకొద్దీ గట్టి స్ఫటికాలుగా మారి, ఇక ఛార్జింగ్‌కు లొంగదు. ఆయనకు ఈ ఒక్క ముక్క చెప్పండి, ఒప్పుకుంటారు. మొండిగా చెప్పారని కాదు, దూరంగా ఉన్నవాళ్లకు 'ఆగు' అనడం తేలిక.

జంప్ స్టార్ట్ రెండో దారి. కానీ అది ఇంజిన్‌ను లేపుతుందే తప్ప బ్యాటరీని నింపదు. రోడ్డు మీద ఇరుక్కుపోయినవాళ్లకు వేరే మార్గం లేదు, మీరు ఇంట్లో ఉన్నారు, ప్లగ్ పాయింట్ పక్కనే ఉంది. అందుకే నా మొగ్గు నెమ్మదిగా ఛార్జ్ చేయడం వైపు. అయినా జంప్ చేయడం నేర్చుకుని ఉంచుకోండి, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది. బ్యాటరీ ఉబ్బి ఉన్నా, పగులు ఉన్నా, తడిగా కారుతున్నా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తున్నా, లోపలి ద్రవం గడ్డకట్టి ఉన్నా జంపూ వద్దు, ఛార్జింగూ వద్దు. అప్పుడు మెకానిక్కే.

పద్ధతి ఇది. సాయం చేసే బండిది కూడా 12 వోల్టుల బ్యాటరీయే అయి ఉండాలి. బండ్లు రెండూ ఒకదానికొకటి తగలకూడదు. రెండింటి హ్యాండ్ బ్రేకులు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, లైట్లు, ఏసీ, మ్యూజిక్, ఇంజిన్లు అన్నీ ఆపేయండి. ఎర్ర కేబుల్ మొదటి క్లిప్పు మీ బ్యాటరీ ప్లస్‌కు, అంటే ఎర్ర మూత కింద ఉండేదానికి. ఎర్రదాని రెండో కొస ఆయన బ్యాటరీ ప్లస్‌కు. తర్వాత నల్ల కేబుల్ ఆయన బ్యాటరీ మైనస్‌కు. మిగిలిన ఆఖరి నల్ల క్లిప్పు మీ బ్యాటరీ మైనస్‌కు పెట్టకండి. ఇంజిన్ మీద రంగు లేని గట్టి లోహపు భాగానికో, మీ కారు మాన్యువల్‌లో చూపించిన ఎర్త్ పాయింటుకో పెట్టండి. బ్యాటరీకి, పెట్రోలు పైపులకు, ఫ్యానుకు దూరంగా ఉండాలి. సర్క్యూట్ పూర్తయ్యేది అక్కడే, చిన్న రవ్వ వచ్చేదీ అక్కడే. సూది మొనంత రవ్వ చిటుక్కుమంటే కంగారుపడి కేబుల్ వదిలేయకండి, అది మామూలే. ప్లస్ మైనస్ తారుమారైతే మాత్రం ఫ్యూజులు, ఆల్టర్నేటర్ డయోడ్లు, అదృష్టం బాగాలేకపోతే ఎలక్ట్రానిక్స్ కూడా పోతాయి. బ్యాటరీ మీద గుర్తులు దుమ్ములో కనపడకపోతే తుడిచి చూడండి, రంగును నమ్మి పెట్టొద్దు.

ఆయన ఇంజిన్ ఆన్ చేసి ఐదు నిమిషాలు ఉంచి, మీరు సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లకు మించి కీ పట్టుకోవద్దు, కాకపోతే ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ. మూడు నాలుగుసార్లకీ తిరగకపోతే ఆపేయండి, సమస్య బ్యాటరీ ఒక్కటే కాదు. స్టార్ట్ అయితే క్లిప్పులు సరిగ్గా వెనక వరుసలో తీయాలి: మీ ఇంజిన్ మీది నల్లది, ఆయన మైనస్, ఆయన ప్లస్, చివరికి మీ ప్లస్. తీసేటప్పుడు కూడా కొసలు తగలనివ్వకండి. షట్టరు దించిన గ్యారేజీలో మాత్రం ఇంజిన్ నడపొద్దు, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

'నా కంప్యూటర్ పోతే' అన్న పక్కింటాయన భయం పూర్తిగా ఉత్తుత్తిది కాదు. ఎలా చేయాలో, అసలు చేయొచ్చో లేదో కార్ల మాన్యువళ్లలో ఉంటుంది, కొన్ని కంపెనీలు వద్దనే అంటాయి. ఆయన ఇష్టపడకపోతే బలవంతం చేయకండి. మొహమాటంతో సరేనన్న మనిషి చేయి తొందరపడుతుంది. ఇంకో బండి అవసరం లేకుండా చేసే జంప్ స్టార్టర్ ప్యాకులు దొరుకుతున్నాయి. ప్లస్ మైనస్ మారితే కరెంటు ఇవ్వకుండా ఆగిపోయే రక్షణ ఉన్నది చూసుకోండి. ఎండలో కాగే కారులో మాత్రం వదిలేయొద్దు, అందులో ఉండేది లిథియం. అలాగే ఎవరైనా 'తోసి స్టార్ట్ చేద్దాం' అంటే, ఆటోమేటిక్ గేర్ల బండికి అది కుదరదు. మాన్యువల్ బండికి కుదిరినా, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బ్రేకు, స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటాయి. ఇద్దరు ముగ్గురు తోస్తుండగా మీరు ఆ స్టీరింగ్ వెనక కూర్చోవడం నాకు నచ్చదు.

ఇక ఛార్జింగ్. సామర్థ్యంలో పదో వంతు కరెంటు అని పాత లెక్క ఒకటుంది, మీ 45 ఏహెచ్‌కు 4, 5 ఆంపియర్ల ఛార్జర్ సరిపోతుంది. పూర్తిగా ఖాళీ అయినది నిండడానికి పది పన్నెండు గంటలు, ఇంకొంచెం ఎక్కువే పట్టొచ్చు. నిండగానే తనంతట తాను తగ్గించుకునే స్మార్ట్ ఛార్జర్ తీసుకోండి. లేబుల్ మీద ఏజీఎం (లోపలి ద్రవం గాజు నార పొరల్లో ఇంకి ఉండే రకం) అని ఉందేమో చూడండి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అదే ఆగే కార్లలో తరచూ అలాంటివి ఉంటాయి, వాటికి ఛార్జర్‌లో వేరే మోడ్ ఉంటుంది. ఒక చిక్కు: మరీ అడుగంటిన బ్యాటరీని కొన్ని స్మార్ట్ ఛార్జర్లు బ్యాటరీగా గుర్తించవు, లైటు వెలిగి ఊరుకుంటాయి. ఛార్జర్ పాడైందని అనుకోకండి.

గాలి ఆడే చోట, షట్టరు ఎత్తి ఉంచి, క్లిప్పులు ముందు పెట్టి, ఆ తర్వాతే గోడ స్విచ్ వేయండి. తీసేటప్పుడు స్విచ్ ముందు, క్లిప్పులు తర్వాత. రవ్వ కథ ఇక్కడా అదే. నల్ల క్లిప్పును కారు బాడీ ఎర్త్‌కు పెట్టడం మేలు, బ్యాటరీ మైనస్ మీద సెన్సారు ఉన్న కార్లలో ఛార్జ్ లెక్క తప్పకుండా ఉంటుంది. పైన తిప్పే మూతలున్న రకమైతే ప్లేట్లు ద్రవంలో మునిగి ఉన్నాయో లేదో ముందే చూడాలి. తేలి ఉంటే మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోసి, మిగతాది ఛార్జ్ అయ్యాక గుర్తు దాకా నింపండి. యాసిడ్ పోయొద్దు. ఛార్జ్ అవుతుండగా బ్యాటరీ చేయి పెట్టలేనంత వేడెక్కినా, బుస్సుమని ఘాటు వాసన వచ్చినా గోడ దగ్గరే స్విచ్ ఆపేయండి. మొదటిసారి కాబట్టి రాత్రి పడుకునే ముందు కాకుండా పొద్దున్నే మొదలుపెట్టండి, మధ్యమధ్యలో ఒక కన్నేసి ఉంచొచ్చు.

మీ మరిది చెప్పిన పరీక్ష మాత్రం దయచేసి చేయకండి. పాత కాలపు బండ్లలో మెకానిక్కులు అలా చేసేవాళ్లు. నడుస్తున్న ఇంజిన్‌కు బ్యాటరీ పీకేస్తే ఆల్టర్నేటర్ వోల్టేజి ఒక్కసారిగా పైకి ఎగురుతుంది, ఇప్పటి కార్లలో కంప్యూటర్లు దానికి బలవుతాయి. పక్కింటాయన భయపడిన నష్టం నిజంగా జరిగేది ఇలాగే. అదే సంగతి ఒక చిన్న మల్టీమీటరు చెబుతుంది. డీసీ వోల్టుల మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ రెండు టెర్మినళ్లకు సూదులు ఆనించండి. 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తే ఆల్టర్నేటర్ పని చేస్తున్నట్టే. కొన్ని కొత్త కార్లు పెట్రోలు ఆదా కోసం కాసేపు తక్కువ చూపించొచ్చు. కానీ ఎంతసేపు చూసినా 12.5 దాటకపోతే మెకానిక్‌కు చూపించండి. మరిదికి ఈ అంకె చెప్పండి, ఆయనా సంతోషిస్తారు.

కొత్త బ్యాటరీ కొనాలా అన్నది ఛార్జ్ పూర్తయిన మర్నాడు తేలుతుంది. ఛార్జర్ తీసి, బ్యాటరీ మైనస్ క్లిప్పు విప్పి, ఒక రాత్రి అలాగే వదిలేయండి. రేడియో కోడ్ అడిగే కారేమో మాన్యువల్‌లో ముందే చూసుకోండి. గడియారం, పవర్ విండోల సెట్టింగ్ మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. పొద్దున మల్టీమీటరులో 12.6 వోల్టుల దగ్గర ఉంటే బ్యాటరీ బతికే ఉంది. క్లిప్పు మళ్లీ పెట్టి, కారు తాళం వేసి, ఇంకో రెండు రాత్రులు చూడండి. క్లిప్పు విప్పినప్పుడు నిలబడిన వోల్టేజి, క్లిప్పు పెట్టాక గబగబా పడిపోతే కారులో ఎక్కడో కరెంటు కారుతోంది. డిక్కీ లైటు ఆరకపోవడమో, తర్వాత బిగించిన కెమెరానో చూడమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. అలా కాకుండా, క్లిప్పు విప్పి ఉంచినా ఒక్క రాత్రికే 12.2కు దిగిపోతే బ్యాటరీ అయిపోయినట్టు. ఛార్జ్ తర్వాత కూడా 10.5 దగ్గరే ఆగితే ఆరు సెల్‌లలో ఒకటి పోయి ఉంటుంది, దాన్ని మళ్లీ మళ్లీ ఛార్జ్ చేయొద్దు. మామూలుగా వీటి ఆయుష్షు మూడు నుంచి ఐదేళ్లు, కాబట్టి నాలుగేళ్లకు పోయినా అన్యాయమేమీ జరగలేదు.

బతికితే ఇకమీదట వారానికోసారి ఐదు నిమిషాలు నిలబెట్టి నడపడం మానేసి, అరగంటకు పైగా రోడ్డు మీద తిప్పండి. కుదరని నెలల్లో స్మార్ట్ ఛార్జర్‌ను అప్పుడప్పుడు ఒక రాత్రి తగిలించండి. మార్చాల్సి వస్తే అదే సైజు, అదే రకం తీసుకుని, పాతది అమ్మినవాళ్లకే ఇచ్చేయండి, అందులో సీసం, యాసిడ్ ఉంటాయి. మీరే విప్పేటట్టయితే మైనస్ ముందు విప్పండి, కొత్తది పెట్టేటప్పుడు మైనస్ చివర బిగించండి. అప్పుడు ప్లస్ దగ్గర పానా జారి బాడీకి తగిలినా ఏమీ కాదు.